లూదియ అను పేరు: దాని చరిత్ర, దానిని ధరించిన స్త్రీలు

మన డయాసిస్ శతవార్షికోత్సవ సంచికలో బిషప్పుల జీవితములను గురించి, దేవాలయముల నిర్మాణమును గురించి, పాఠశాలల సేవను గురించి పెద్దలు వ్రాస్తున్నారు. మేము ఒక చిన్న విషయము తీసికొన్నాము. అది ఒక ఆడపిల్ల పేరు. విశాఖపట్నంలో పాతనగరము మొదలుకొని మల్కాపురం, గాజువాక, ఉక్కునగరము వరకు మన సంఘముల సభ్యుల పుస్తకములు తెరచి చూచినచో లూదియ, లూదియమ్మ, లిడియా అను పేర్లు తరచుగా కనిపిస్తాయి. అవ్వ పేరు లూదియమ్మ అయితే మనుమరాలి పేరు లిడియా. ఈ రెండూ ఒకే పేరు అని కొందరికి తెలియదు. అది గ్రీకు పేరు అని మరికొందరికి తెలియదు. ఆ పేరు వెనుక రెండువేల ఏండ్లకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర మన సంఘముల స్త్రీలను గురించి మనకు ఒక పని కూడా చెప్పుచున్నది. దానిని సంఘస్థుల ముందుంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

దేశము పేరు, మనిషి పేరు

లూదియ అనునది మొదట మనిషి పేరు కాదు, దేశము పేరు. నేటి టర్కీ దేశపు పడమటి భాగములో, సార్దీస్ రాజధానిగా ఆ పేరుగల రాజ్యము ఉండేది. ప్రకటన గ్రంథములో మనము చదువు ఏడు సంఘములలో సార్దీస్, తుయతైర, ఫిలదెల్ఫియ ఆ ప్రాంతపు పట్టణములే. బంగారము, వెండి కలిసిన లోహముతో నాణెములు ముద్రించుట క్రీ.పూ. 7వ శతాబ్దములో అక్కడనే ఆరంభమైనదని చరిత్రకారులు చెప్పుచున్నారు. బంగారు, వెండి నాణెములు వాడినవారిలోను, చిల్లర వర్తకము చేసినవారిలోను లూదీయులే మొదటివారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. అంటే ఆ దేశము పేరు చెప్పగానే అంగడి, తక్కెడ, డబ్బు సంచి గుర్తుకు వచ్చేవన్నమాట. ఐశ్వర్యమునకు మారుపేరైన క్రీససు రాజు ఆ దేశమువాడే. క్రీ.పూ. 546 ప్రాంతములో అతనిని ఓడించినవాడు యెషయా గ్రంథములో మనము చదువు కోరెషు. తరువాత అలెగ్జాండరు వచ్చినాడు, పెర్గము రాజులు వచ్చినారు. క్రీ.పూ. 133లో పెర్గము చివరి రాజు తన రాజ్యమును మరణశాసనము ద్వారా రోమీయులకు వ్రాసి ఇచ్చినాడు. ఈ విధముగా రాజ్యము పోయినది గాని పేరు మిగిలినది.

గ్రీకు భాషలో లూదియ అనగా లూదియ దేశపు స్త్రీ అని అర్థము. మన ఊళ్లలో ఒకామెను ‘గంజామామె’ అనో ‘రంగూనామె’ అనో పిలిచినట్లే అది. ఇట్టి పేరు ఎవరికి పెట్టేవారు? బానిసలను వారి దేశముల పేర్లతో, అనగా లూదు, సిరు వంటి పేర్లతో పిలుచుట ఏథెన్సువారికి వాడుక అని భూగోళ రచయిత స్త్రాబో చెప్పినాడు. సంతలో కొన్న మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరుతో యజమానికి పని లేదు. ఎక్కడినుండి వచ్చినదో అదే పేరు. క్రీ.పూ. 23 ప్రాంతములో వెలువడిన రోమా కవి హోరేసు గీతములలో లూదియ అను స్త్రీ కొన్ని చోట్ల కనిపిస్తుంది. ఆమె ప్రేమ గీతములలోని ప్రియురాలు గాని ఇంటి ఇల్లాలు కాదు. అయితే ఈ పేరు బానిసలకే పరిమితము అనుకొనరాదు. సార్దీసులో, ఎఫెసులో దొరికిన శాసనములలో జూలియా లూదియ అను పేరుగల గౌరవనీయ స్త్రీలు ఉన్నారు. వారిలో ఒకరు ఆసియ రాష్ట్రమునకే ప్రధాన యాజకురాలు. ఒక పేరు సంత నుండి సభామందిరము వరకు ఎదిగినది.

ఊదారంగు వర్తకము

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో లూకా ఈ స్త్రీని గురించి నాలుగు సంగతులు చెప్పినాడు: ఆమె పేరు, ఆమె ఊరు, ఆమె వృత్తి, ఆమె భక్తి. భర్త పేరు చెప్పలేదు, తండ్రి పేరు చెప్పలేదు. ఆ రోజులలో స్త్రీని గురించి చెప్పవలసివచ్చినచో ఫలానావాని భార్య, ఫలానావాని కుమార్తె అని చెప్పుట లోకరీతి. లూకా ఆ రీతిని అనుసరింపలేదు. ఈ నాలుగు సంగతులను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. చివరలో వీటి అవసరము ఉన్నది.

ఆమె ఊరు తుయతైర. నేడు అది టర్కీలోని అఖిసార్ పట్టణము. అక్కడ రంగులు అద్దువారి సంఘము ఉండేదని శాసనములు తెలుపుచున్నవి. మాసిదోనియలోని థెస్సలొనీకలో ఊదారంగు పనివారు వేయించిన ఒక శాసనములో తుయతైర ఊరివాడైన మెనిప్పు అనువాని పేరు ఉన్నది. కాబట్టి తుయతైర రంగు వర్తకులు సముద్రము దాటి మాసిదోనియ పట్టణములలో కాపురముండుట వింత కాదు. లూదియ వారిలో ఒకతె.

మన తెలుగు బైబిలు ఆమె ఊదారంగు పొడిని అమ్మునది అని చెప్పుచున్నది. గ్రీకులో ఉన్నది ఒకే మాట. దానికి ‘ఊదా అమ్మునది’ అని అర్థము. పొడి అనునది అనువాదకుల వివరణ. ఊదారంగు అద్దిన బట్టలు అమ్మేదని పలువురు పండితుల అభిప్రాయము. ఆ రంగులలో మేలైనది తూరు పట్టణపు సముద్రతీరములో ఒక జాతి నత్తలనుండి తీసేవారు. దాని వెల ఎంతటిదో తెలియవలెనంటే ఒక్క లెక్క చాలును. 1909లో ఫ్రీడ్‌లెండర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 12,000 నత్తలను చీల్చి తీయగా వచ్చిన రంగు 1.4 గ్రాములు మాత్రమే. చక్రవర్తులు, సెనేటు సభ్యులు ఆ రంగు ధరించుటకు కారణము ఇదే. ధనవంతుడు, లాజరు ఉపమానములో ఆ ధనవంతుని బట్టలు ఊదారంగువి. ప్రభువును అపహసించిన సైనికులు ఆయనకు తొడిగినది ఆ రంగు వస్త్రమే.

అయితే తుయతైరలో నత్తల రంగు కంటె వేరుల రంగే ఎక్కువ వాడుకలో ఉండి ఉండవచ్చునని పండితులు తలంచుచున్నారు. మన మంజిష్ఠ జాతికి చెందిన ఒక మొక్క వేరునుండి ఎరుపు తీసి, దానిని ముదురు చేసి అమ్మేవారు. ఇది తెలుగువారికి సులభముగా అర్థమగును. మన కోస్తాలో మచిలీపట్నము అద్దకపు బట్టలకు ఎరుపు ఇచ్చినది చిరివేరు అను మొక్క వేరే. ఆ బట్టలు ఓడలెక్కి పర్షియాకు, జావాకు, ఐరోపాకు పోయినవి. విశాఖపట్నంలో ఆంగ్లేయుల కంపెనీ గిడ్డంగి పెట్టినది కూడా ముఖ్యముగా బట్టల వర్తకము కొరకే. వేరు త్రవ్వువారు, రంగు కాచువారు, బట్ట ఉతుకువారు, ఓడకెత్తువారు, దూరదేశములో కూర్చుండి అమ్మువారు. ఈ వరుసలో చివర నిలిచిన వర్తకురాలు లూదియ. బట్ట ఖరీదైనదే గాని ఆ పని చేసిన చేతులు మరకల చేతులే.

నది ఒడ్డు, తెరచిన ఇల్లు

క్రీ.శ. 49, 50 ప్రాంతములో పౌలు, సీల, తిమోతి త్రోయలో ఓడ ఎక్కి సమొత్రాకే మీదుగా నెయపొలి రేవులో దిగినారు. ‘మేము’ అని వ్రాయుటనుబట్టి లూకా కూడా వారితో ఉన్నట్లు తెలియుచున్నది. ఆ రేవు నేటి గ్రీసు దేశములోని కవాలా పట్టణము. అక్కడనుండి లోపలికి సుమారు 15 కిలోమీటర్లు నడిచినచో ఫిలిప్పీ. అది రోమా సైనికులకు భూములిచ్చి స్థాపించిన వలస పట్టణము. అక్కడ సమాజమందిరము కట్టుకొనునంతమంది యూదులు లేరు కాబోలు, విశ్రాంతి దినమున ప్రార్థనకు నది ఒడ్డున కూడినవారు స్త్రీలే. పౌలు కూర్చుండి వారితో మాటలాడినాడు. అతనికి దర్శనములో కనబడినవాడు మాసిదోనియ పురుషుడు. ఒడ్డున కూర్చుండి విన్నవారు స్త్రీలు. మొదట హృదయము తెరువబడినది అన్యదేశపు స్త్రీకి.

పెంతెకొస్తు దినమున రోమా నుండి వచ్చినవారు యెరూషలేములో ఉన్నారు గనుక ఐరోపాలో అంతకుముందు విశ్వాసులు ఉండి ఉండవచ్చును. అయినను ఆ ఖండములో బాప్తిస్మము పొందినట్లు పేరుతో సహా లేఖనములో వ్రాయబడిన మొదటి మనిషి లూదియయే. ఆమెయు, ఆమె ఇంటివారును బాప్తిస్మము పొందిరి. వెంటనే ఆమె దైవసేవకులను తన ఇంట బస చేయుమని బలవంతము చేసినది. తాను ప్రభువునందు నమ్మకమైనదని వారు ఎంచినచో తన ఇంటికి రావలెనని వాదించినది. ఇది వర్తకురాలి మాట. పౌలు వంటివాడు ఆ బేరములో ఓడిపోయినాడు.

ఈ ఆతిథ్యము వెల లేనిది కాదు. కొద్ది దినములలోనే పౌలు సీలలను బెత్తములతో కొట్టి చెరసాలలో వేసినారు. ఊరంతా వారిమీద లేచిన సమయములో వారు ఎవరి ఇంటివారో అందరికీ తెలుసు. ఊదారంగు కొనువారు ఊరి పెద్దలు, అధికారులు. వారి ముఖము చూచి వ్యాపారము చేయవలసిన స్త్రీ తలుపు మూసికొన్నచో ఎవరూ తప్పు పట్టరు. చెరసాల నుండి విడుదలైన వెంటనే పౌలు సీలలు తిన్నగా వెళ్లినది లూదియ ఇంటికే. అక్కడ సహోదరులను చూచి, ఆదరించి, బయలుదేరిపోయినారు. ఆ అధ్యాయపు చివరి మాటలు అవే. ఫిలిప్పీ సంఘమునకు మొదటి దేవాలయము ఒక స్త్రీ ఇల్లు.

పిలుపు పేరా, అసలు పేరా?

ఇక్కడ ఒక ప్రశ్న ఉన్నది. పౌలు కొన్ని సంవత్సరముల తరువాత ఫిలిప్పీయులకు పత్రిక వ్రాసినాడు. అందులో యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీల పేర్లు ఉన్నవి. లూదియ పేరు లేదు. ఆమె అప్పటికి చనిపోయినదని కొందరు, తుయతైరకు తిరిగి వెళ్లినదని కొందరు ఊహించినారు. మరికొందరు ఇంకొక మాట అన్నారు. లూదియ అనునది ఆమె పిలుపు పేరు. ఊరిలో ఆమెను ‘ఆ లూదియ దేశపామె’ అని పిలిచేవారు. ఆమె అసలు పేరు వేరే ఉన్నది. యువొదియ, సుంటుకేలలో ఒకరు ఆమెయే కావచ్చును. దీనికి రుజువు లేదు. జూలియా లూదియ శాసనములు చూచినచో లూదియ అనునది అసలు పేరే కావచ్చునని కూడా తోచును.

ఏది నిజమైనను ఒక సంగతి స్పష్టము. పన్ను పుస్తకములో ఆమె పేరు ఏమి వ్రాసి ఉన్నదో మనకు తెలియదు. లూకా ఆమెను ఏ పేరుతో పిలిచినాడో ఆ పేరే నిలిచినది. ఒకప్పుడు సంతలో బానిసకు పెట్టిన పేరు, కవి ప్రేమగీతములో వాడిన పేరు, సంఘము చేత వ్రాయబడుట వలన పరిశుద్ధురాలి పేరు అయినది. పేరునకు గౌరవము అక్షరములలో లేదు. దానిని మోసిన మనిషిలోను, దానిని వ్రాసిపెట్టిన సంఘములోను ఉన్నది.

లోకములో లూదియలు

క్రీ.శ. 400 ప్రాంతములో కాన్‌స్టాంటినోపిలు బిషప్పు జాన్ క్రిసోస్తము అపొస్తలుల కార్యములమీద చేసిన ప్రసంగములలో లూదియ వినయమును, ఆతిథ్యమును కొనియాడినాడు. ఆర్థడాక్సు సంఘము 1972లో ఆమెను పరిశుద్ధురాలిగా అధికారికముగా ప్రకటించినది. ఫిలిప్పీ శిథిలముల దగ్గర, నది ఒడ్డున, ఆమె పేరున బాప్తిస్మ మందిరము కట్టినారు. 2016లో ఫిలిప్పీ శిథిలములు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినవి.

సంఘ సంస్కరణ తరువాత ఇంగ్లండులో ప్యూరిటనులు పిల్లలకు బైబిలు పేర్లు వెదకి పెట్టసాగినారు. అప్పుడు లూదియ, ఆంగ్లములో లిడియాగా, ఇంటింటి పేరు అయినది. వలస వెళ్లినవారితో కలిసి అమెరికా చేరినది. అక్కడి లిడియా మారియా చైల్డ్ (1802–1880) బానిసత్వమునకు వ్యతిరేకముగా 1833లోనే పుస్తకము వ్రాసి, అందువలన చదువరులను పోగొట్టుకొన్నది. ఒకప్పుడు బానిసలకు పెట్టిన పేరు గల స్త్రీ బానిసల విడుదలకు కలము పట్టుట గమనింపదగినది. ఇంగ్లండులో ప్రిసిల్లా లిడియా సెల్లన్ 1848లో డెవన్‌పోర్టు అను ఓడరేవులో బీదల సేవకై ఆంగ్లికను సహోదరీల సమాజము స్థాపించినది. లిడియా బెకర్ (1827–1890) స్త్రీలకు ఓటు హక్కు కొరకు పత్రిక నడిపినది. ఎస్తోనియా అను చిన్న దేశములో లిడియా కోయ్‌దులా (1843–1886) తన ప్రజల మాతృభాషలో కవిత్వము వ్రాసి జాతికి మేలుకొలుపు పాడినది. మన యువజనులకు తెలిసిన పేరు లిడియా కో. కొరియాలో పుట్టి న్యూజిలాండులో పెరిగిన ఈ గోల్ఫు క్రీడాకారిణి 2024లో పారిసు ఒలింపిక్సులో స్వర్ణ పతకము గెలిచినది.

మన తెలుగు దేశమునకు వచ్చిన లూదియలలో డాక్టరు లిడియా వోర్నర్ ముఖ్యురాలు. ఆమె అమెరికా లూథరన్ మిషనరీ వైద్యురాలు. 1899లో రాజమహేంద్రవరము వచ్చినది. ఆ రోజులలో మన స్త్రీలు మగ వైద్యునికి నాడి చూపుటకు కూడా జంకేవారు; కాన్పులలో ప్రాణములు పోయేవి. ఆమె ఆరంభించిన వైద్యసేవ 1911లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రిగా స్థిరపడినది. తుయతైర లూదియ ఇంటి తలుపు తెరచినట్లే గోదావరి తీరమున ఈ లూదియ ఆసుపత్రి తలుపు తెరచినది.

తెలుగు లిపిలోనికి లూదియ

ఈ పేరు మన భాషలోనికి ఎట్లు వచ్చినది? ఇక్కడ విశాఖపట్నమునకు ప్రత్యేకమైన స్థానము ఉన్నది. 18వ శతాబ్దములో మద్రాసులో షుల్జ్ అను మిషనరీ క్రొత్త నిబంధనను తెలుగు చేసినాడు గాని అది వ్రాతప్రతిగానే ఉండిపోయినది. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగినారు. ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో డెస్ గ్రాంజెస్ సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టినాడు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ ఇక్కడ సేవలో ఉండగానే చనిపోయినారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురములో అచ్చయినవి. తరువాత విశాఖపట్నం మిషనరీ ఎడ్వర్డు ప్రిచెట్ పూర్తి క్రొత్త నిబంధనను సిద్ధము చేయగా అది 1818లో మద్రాసులో అచ్చయినది. 1812 నాటి మూడు సువార్తలలో లూదియ లేదు. ఆమె అపొస్తలుల కార్యములలోనిది. కాబట్టి ఈ ఊరిలో తెలుగు చదువరి ఆమె కథను తన భాషలో అచ్చులో చదువుటకు 1818 వరకు ఆగవలసివచ్చినది. ఆ తరువాత ఇక్కడనే చాల కాలము సేవ చేసిన జాన్ హే మొదలైనవారు తెలుగు బైబిలును సవరించినారు.

మన బైబిలులోని రూపమును గమనించండి. అది లిడియా కాదు, లూదియ. ఇంగ్లీషులో ‘వై’ అక్షరము ఉన్నచోట గ్రీకులో ఉప్సిలాన్ అను అక్షరము ఉన్నది. మన అనువాదకులు అనేక చోట్ల దానికి ఉకారము వాడినారు. ఇంగ్లీషువారి సైప్రసు మనకు కుప్ర. సైరీను మనకు కురేనే. థయటైరా మనకు తుయతైర. సింటికీ మనకు సుంటుకే. ఫీబే, యునీకే, రొదే అను పేర్ల చివరి ఏకారము కూడ గ్రీకు ఉచ్చారణయే. అంటే వయలులో పని చేసికొను మన అవ్వ ‘లూదియ’ అని పలికినప్పుడు, ఇంగ్లీషు చదివిన మనుమరాలి ‘లిడియా’ కంటె గ్రీకు మూలమునకు దగ్గరగా పలికినది. చదువు రానిదని మనము అనుకొన్న నోటిలో మూలభాష నిలిచియున్నది. లిడియా అనునది తప్పు కాదు. మిషను పాఠశాలల ద్వారా, ఇంగ్లీషు పుస్తకముల ద్వారా వచ్చిన రూపము అది. అయితే ‘లూదియ’ పాతకాలపు మోటు పేరు అని సిగ్గుపడి మార్చుకొను ఆడపిల్లలు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

మన లూదియలు

విశ్వాసములోనికి వచ్చిన మన పూర్వికురాండ్రలో అనేకులకు బాప్తిస్మమప్పుడు ఈ పేరు పెట్టినారు. అంతకుముందు వారి పేర్లు ఏమిటి? పుట్టిన బిడ్డలు బ్రదుకనప్పుడు దిష్టి తగలకుండ పెంటమ్మ, పుల్లమ్మ అని పిలిచేవారు. కొన్ని పేర్లు ఊరివారు తేలికచేసి పిలుచుటకే పుట్టినట్లు ఉండేవి. అట్టి స్త్రీ లూదియమ్మ అయినప్పుడు ఆమెకు దొరికినది అక్షరముల మార్పు మాత్రమే కాదు. ‘అమ్మ’ అని, ‘గారు’ అని ఒకరు తనను పిలువదగునని ఆమె మొదటిసారి విన్నది.

అయితే అదే స్త్రీ పేరు మన పాత పుస్తకములలో వెదకినచో ఎంత కష్టము! మిషను నివేదికలలో బైబిలు స్త్రీలు ఎంతమంది ఉన్నారో లెక్క ఉంటుంది, పేర్లు అరుదు. బాప్తిస్మపు పుస్తకములలో ‘ఫలానావారి భార్య’ అని ఉంటుంది. లూకా చేయని పని మనము చేసినాము. విశాఖపట్నంలో 1933లో ఓడరేవు తెరచినప్పుడు, 1941లో నౌకా నిర్మాణ కేంద్రము ఆరంభమైనప్పుడు, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన తరువాత, ఎక్కడెక్కడి ఊళ్ల నుండియో మన ప్రజలు పని కొరకు ఇక్కడికి వచ్చినారు. దేవాలయము కట్టకముందు ప్రార్థన ఎక్కడ జరిగేది? ఒక క్వార్టరు ముందుగదిలో, ఒక పాక వసారాలో. మంచము బయట వేసి, చాప పరచి, పొయ్యిమీద టీ నీళ్లు పెట్టినది ఎవరు? శిలాఫలకము మీద శంకుస్థాపన చేసినవారి పేరు ఉన్నది. చాప పరచిన ఆమె పేరు లేదు.

ఇంకొక సంగతి కూడ చెప్పవలసియున్నది. మనలో అనేక స్త్రీలకు రెండు పేర్లు ఉన్నవి. సంఘములో లూదియ, బడి సర్టిఫికెటులో లక్ష్మి. దీని కారణము అందరికీ తెలిసినదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు మాత్రమే షెడ్యూల్డు కులముల హోదా ఇచ్చినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులముల నుండి వచ్చిన క్రైస్తవులు బి.సి.లలో ‘సి’ వర్గముగా లెక్కింపబడుచున్నారు. ఈ ప్రశ్న కమిషనుల ముందు, న్యాయస్థానముల ముందు ఏండ్ల తరబడి నలుగుచున్నది. ఆ తీర్పు మేము చెప్పబోము. బిడ్డల చదువు కొరకు రెండు పేర్లు మోసిన తల్లిని నిందించుటకు మాకు నోరు రాదు. కాని ఆ భారము ఎట్టిదో పాస్టర్లమైన మేము సమాధుల దగ్గర చూస్తున్నాము. రాతిమీద చెక్కించునది ఒక పేరు, మరణ ధృవీకరణ పత్రములో వచ్చునది ఇంకొక పేరు. రెండు తరములు గడచిన తరువాత ఈ రెండు పేర్లు ఒక మనిషివే అని చెప్పుటకు సాక్షి ఉండడు. ఫిలిప్పీలో పిలుపు పేరు ఒకటి, వ్రాత పేరు ఒకటి అని పండితులు ఊహించిన చిక్కు మన ఇండ్లలో నిజముగానే ఉన్నది.

సంఘములకు మనవి

కాబట్టి ఈ శతవార్షికోత్సవ సంవత్సరములో ప్రతి సంఘమునకు మా మనవి ఒకటి. మీ సంఘము మొదట ఏ ఇంట కూడినదో, ఆ ఇల్లు తెరచిన స్త్రీ ఎవరో, పెద్దలు బ్రదికియుండగానే అడిగి వ్రాసిపెట్టండి. లూకా వ్రాసిన నాలుగు సంగతులే చాలును. మొదటిది ఆమె పేరు. రెండు పేర్లు ఉన్నచో రెండూ ప్రక్కప్రక్కనే వ్రాయండి. రెండవది ఆమె ఊరు. కళింగపట్నమైనను, తునియైనను, పలాసయైనను, ఆమె బయలుదేరి వచ్చిన చోటు. మూడవది ఆమె పని. దీనిని విడిచిపెట్టవద్దు. చేపల బుట్ట ఎత్తినదా, కుట్టు మిషను త్రొక్కినదా, ఆసుపత్రిలో ఆయాగా చేసినదా, బడిలో పాఠము చెప్పినదా, రేవులో గోనెలు కుట్టినదా వ్రాయండి. ఊదారంగు అమ్మినదని వ్రాయుటకు లూకా సిగ్గుపడలేదు. నాలుగవది ఆమె భక్తి. ఆమె ఎవరికి తలుపు తెరచినది, ఏ కష్టములో తలుపు మూయలేదు. ఈ పనికి స్త్రీల సమాజము, యువజన సమాజము కలిసినచో ఒక్క నెల చాలును. సంఘ పుస్తకములో నాలుగు పుటలు చాలును.

క్రొత్తగా పుట్టిన ఆడబిడ్డకు లూదియ అని పేరు పెట్టువారు ఆ బిడ్డ పెరిగినప్పుడు ఈ చరిత్ర చెప్పవలెను. అది ఒక దేశము పేరు, ఒక వర్తకురాలి పేరు, ఒక గృహ సంఘము పేరు, వారి అవ్వ పేరు కూడ అని చెప్పవలెను. నది ఒడ్డున కూర్చున్న ఆ స్త్రీల గుంపులో లూకా ఒక్కరి పేరైనను వ్రాసినందున ఈ రోజు ఇంతమంది బిడ్డలకు ఆ పేరు ఉన్నది. మిగిలినవారి పేర్లు దేవునికి తెలియును. మన సంఘములలోని వారి పేర్లు మాత్రము ఇంకను మన పెద్దల జ్ఞాపకములోనే ఉన్నవి. అవి అక్కడ ఉండగానే వ్రాసికొందము.